పాఠశాలలో కాల్పులు జరిగితే పోలీసుల ప్రణాళిక: భద్రతా కమిటీలో ఉన్నవాళ్ళు ఏమి అడగాలి?

శ్రావణి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో ఉంటున్నాం. ఇక్కడ ప్రతి స్కూల్ డిస్ట్రిక్టుకూ ఒక భద్రతా కమిటీ ఉండాలనీ, అందులో తల్లిదండ్రులకూ చోటు ఉండాలనీ చట్టం ఉంది. ఈ ఏడాది మా డిస్ట్రిక్టు కమిటీలోకి తల్లిదండ్రుల తరఫున నన్ను తీసుకున్నారు. వచ్చే సమావేశానికి స్థానిక పోలీసు అధికారులు వచ్చి, ఎవరైనా తుపాకీతో బడిలోకి చొరబడి కాల్పులు మొదలుపెడితే తాము ఏమి చేస్తారో వివరిస్తారట. దానికి ముందుగా ఒక పత్రం పంపించారు. ఎంతమంది అధికారులు ఉన్నారు, ఎన్ని రైఫిళ్ళు ఉన్నాయి, తూటాలను అడ్డుకునే బాలిస్టిక్ షీల్డులు ఎన్ని కొన్నారు అన్న వివరాలతోనే అది చాలావరకు నిండిపోయింది.

ఆ పత్రం చదివాక నా ఆందోళన తగ్గకపోగా పెరిగింది. 2022 మే 24న మన టెక్సస్‌లోనే యువాల్డే పట్టణంలోని బడిలో కాల్పులు జరిగి 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయిన రోజున అక్కడికి చేరుకున్న పోలీసులు 376 మంది అని రాష్ట్ర శాసనసభ కమిటీ నివేదికలో ఉంది. మనుషులకూ కొదవ లేదు, ఆయుధాలకూ కొదవ లేదు; అయినా 77 నిమిషాల పాటు హంతకుడు తరగతి గదుల్లోనే ఉన్నాడు. అలాంటప్పుడు ఎన్ని రైఫిళ్ళు ఉన్నాయన్న లెక్క విని నేను తల ఊపి రావడంలో అర్థం ఏముంది?

నాకు పోలీసు వ్యవహారాలతో పరిచయం లేదు. గుచ్చి గుచ్చి అడిగితే వాళ్ళు నొచ్చుకుంటారేమోనన్న సంకోచం ఒకవైపు, అడగకపోతే ఆ కుర్చీలో కూర్చుని ప్రయోజనం లేదన్న బాధ మరొకవైపు ఉన్నాయి. ఈ రంగం తెలిసినవాళ్ళు ఎవరైనా ఏమి అడగాలో, ఏ జవాబు వస్తే నమ్మవచ్చో చెప్పగలరా?

రాఘవరావు

శ్రావణి గారూ, నేను ఇక్కడి పోలీసు విభాగాలకు శిక్షణ అభ్యాసాలు రూపొందించే పనిలో ఉన్నాను. మీ సందేహం సబబైనది. ఇప్పటి పద్ధతి ఎందుకు ఇలా ఏర్పడిందో ముందు చెబితే, ప్రశ్నలు మీకే తడతాయి.

1999కి ముందు గస్తీ పోలీసులకు నేర్పింది ఒకటే: భవనాన్ని చుట్టుముట్టు, లోపలివాడిని బయటికి రానివ్వకు, స్వాట్ అనే ప్రత్యేక సాయుధ పోలీసు బృందం వచ్చేదాకా ఆగు. బందీలను పట్టుకుని బేరమాడే నేరస్థుల విషయంలో ఆ పద్ధతి పనిచేసింది, ఎందుకంటే అక్కడ సమయం గడిచేకొద్దీ బందీలు బతికే అవకాశం పెరుగుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 20న కొలంబైన్ ఉన్నత పాఠశాలలో కాల్పులు జరిగినప్పుడు అదే పద్ధతిని పాటించారు. గాయపడిన ఒక ఉపాధ్యాయుడు ఉన్న గదిలోని విద్యార్థులు, ఇక్కడ ఒకరు రక్తం పోయి చనిపోతున్నారని తెల్ల బోర్డు మీద రాసి, బయటికి కనబడేలా కిటికీలో పెట్టారు. స్వాట్ బృందం ఆ గదికి చేరేసరికి సుమారు మూడు గంటలు గడిచిపోయాయి, ఆయన బతకలేదు. బేరమాడే ఉద్దేశమే లేకుండా, వీలైనంత ఎక్కువమందిని చంపడానికే వచ్చినవాడి దగ్గర గడిచే ప్రతి నిమిషమూ వాడికే మేలు చేస్తుందని పోలీసు శాఖలకు ఆ రోజున అర్థమైంది.

2000 నుంచి 2013 వరకు జరిగిన 160 ఘటనలను ఎఫ్‌బీఐ తర్వాత పరిశీలించింది. ఎంతసేపు జరిగాయో నిర్ధారించగలిగిన 64 ఘటనల్లో 44 ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. ఆ 44లో 23 రెండు నిమిషాలు కూడా దాటలేదు. స్వాట్ బృందం సామాన్లు సర్దుకుని వచ్చే లోపలే అంతా అయిపోతుందన్నమాట. అందుకే 2002లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీలో ప్రారంభమైన అలర్ట్ శిక్షణ కేంద్రం, మొదట చేరిన గస్తీ అధికారే లోపలికి వెళ్ళాలని, తోడు దొరక్కపోతే ఒంటరిగానైనా వెళ్ళాలని నేర్పుతోంది. 2013లో ఎఫ్‌బీఐ ఆ పాఠ్యక్రమాన్నే జాతీయ ప్రమాణంగా స్వీకరించింది. ముందు చంపడాన్ని ఆపాలి, ఆ తర్వాత గాయపడినవాళ్ళు చనిపోకుండా ఆపాలి అన్నది అందులోని వరస. ఒంటరిగా వెళ్ళే అధికారికి ప్రాణాపాయం ఎక్కువ. ఆ మాటను శిక్షణలో దాచరు, దాచకూడదు కూడా.

ఇక యువాల్డే సంగతి. మొదటి అధికారులు హంతకుడి వెనకాలే కొద్ది నిమిషాల్లో భవనంలోకి వెళ్ళారు, తలుపు దగ్గరికీ వెళ్ళారు. లోపలి నుంచి తూటాలు రాగానే వెనక్కి తగ్గారు. అక్కడి నుంచి ఆ ఘటన వాళ్ళ లెక్కలో మారిపోయింది: ఒకడు గదిలో దాక్కుని తలుపు వేసుకున్నాడు, ఇక తొందర లేదు అన్న భావన వచ్చేసింది. లోపల గాయపడిన పిల్లలు ఉన్నంతసేపూ అది కాల్పుల ఘటనేనని గుర్తించకపోవడం అన్నింటికంటే పెద్ద వైఫల్యమని కేంద్ర న్యాయశాఖ 2024 జనవరిలో విడుదల చేసిన సమీక్ష తేల్చింది. కాబట్టి మీ మొదటి ప్రశ్న ఇదే కావాలని నా అభిప్రాయం: తూటాలు వచ్చి వెనక్కి తగ్గవలసి వస్తే, తర్వాత ఏమి చేయాలని మీ అధికారులకు నేర్పారు? ఇక నిదానించవచ్చునని తేల్చే అధికారం ఎవరిది, దేనిని చూసి తేలుస్తారు? లోపల గాయపడినవాళ్ళు ఉన్నారన్న అనుమానం ఉన్నంతకాలం నిదానించే ప్రసక్తే లేదన్న జవాబు తడుముకోకుండా వస్తే నమ్మండి. సందర్భాన్ని బట్టి చూస్తామంటే మళ్ళీ అడగండి.

శిక్షణ గంటల గురించి కూడా అడగండి, అయితే గంటల సంఖ్య దగ్గర ఆగవద్దు. యువాల్డే తర్వాత 2023లో చేసిన చట్టం ప్రకారం మన రాష్ట్రంలోని పోలీసు అధికారి ప్రతి రెండేళ్ళకూ 16 గంటల పాటు ఈ శిక్షణ తీసుకోవాలి. ఆ 16 గంటలు కుర్చీలో కూర్చుని తెర మీద బొమ్మలు చూస్తూ గడిచాయా, నిజమైన బడి నడవల్లో రంగు గుళ్ళు పేల్చే తుపాకులతో, ఫైర్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుండగా గడిచాయా అన్నది ముఖ్యం. మేము చేయించే అభ్యాసాల్లో గాయపడినట్టు నటించేవాళ్ళను నడవలో పడుకోబెడతాం. వాళ్ళలో ఒకరికి, పోలీసు దగ్గరికి రాగానే కాలు గట్టిగా పట్టుకుని వదలవద్దని చెబుతాం. కాల్పుల శబ్దం ఇంకా ముందు గదిలో నుంచి వస్తూ ఉంటుంది. ఆ చేతిని విడిపించుకుని ముందుకు నడవడం ఎంత కష్టమో అధికారుల ముఖాల్లో కనిపిస్తుంది. అక్కడే ఆగి కట్టు కట్టడానికి వంగిపోయేవాళ్ళు మంచివాళ్ళు, కాని ఆ క్షణంలో ముందు గదిలో మరొకరు చనిపోతున్నారు. దీన్ని ఉపన్యాసంలో వింటే ఎవరికీ అబ్బదు.

తలుపుల విషయమూ అంతే. యువాల్డేలో తాళంచెవుల కోసం చాలాసేపు వెతికారు. ఆ తలుపుకు అసలు తాళం పడి ఉండకపోవచ్చని దర్యాప్తులో తేలింది, కాని అంతసేపట్లో పిడి తిప్పి చూసినవాళ్ళు లేరు. అభ్యాసంలో నేను మొదట గమనించేది అధికారి చేతినే. తలుపుకు పక్కగా నిలబడి, గోడ చాటు నుంచి చెయ్యి చాపి, ముందు పిడి తిప్పి చూడడం అలవాటుగా మారాలి.

చివరిగా నాయకత్వం. ఆ రోజు వచ్చిన 376 మంది ఒకే శాఖవాళ్ళు కారు. బడి పోలీసులు, నగర పోలీసులు, షెరిఫ్ మనుషులు, రాష్ట్ర పోలీసులు, సరిహద్దు గస్తీవాళ్ళు అందరూ వచ్చారు. ప్రణాళికలో నాయకుడిగా రాసి ఉన్న అధికారి రేడియోలు లేకుండా నడవలో నిలబడ్డారు. నడవలో నిలబడినవాడికి తన ముందున్న తలుపు తప్ప మరేదీ కనబడదు. బయట ఒకచోట నిలబడి, అందరి మాటా వింటూ, ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకునే మనిషి మొదటి పది నిమిషాల్లోనే ఏర్పడాలి, హోదాతో నిమిత్తం లేకుండా. 2018లో కాలిఫోర్నియాలోని థౌజండ్ ఓక్స్‌లో, కాల్పులు జరుగుతున్న బార్‌ లోపలికి దూసుకెళ్ళిన సార్జెంటును చివరికి బలిగొన్నది తోటి పోలీసు రైఫిల్ నుంచి వచ్చిన తూటా. వేర్వేరు శాఖలవాళ్ళు కలిసి అభ్యాసం చేయకపోతే ఎంత ధైర్యం ఉన్నా ఇలాంటివి జరుగుతాయి. మీ నగరం, మీ కౌంటీ, మీ అగ్నిమాపక శాఖ కలిసి చివరిసారి ఎప్పుడు అభ్యాసం చేశాయో, ఆ తర్వాత లోపాలు రాసుకున్న సమీక్ష ఉందో లేదో అడగండి. వాళ్ళు నొచ్చుకుంటారని భయపడవద్దు. ఈ పని మనసు పెట్టి చేసే అధికారికి ఇలాంటి ప్రశ్న వింటే ప్రాణం లేచివస్తుంది. బడ్జెట్ అడగడానికి ఒక తోడు దొరికిందని సంతోషిస్తాడు.

కిరణ్

నేను అత్యవసర ఫోన్ కాల్స్ అందుకునే 911 కేంద్రంలో పనిచేస్తాను. రాఘవరావు గారు చెప్పినదంతా తలుపు దాకా చేరిన అధికారి గురించి. ఆ అధికారికి ఎటు వెళ్ళాలో చెప్పే సమాచారం ఎలా చేరుతుందన్నది కూడా ప్రణాళికలో భాగమే, అయినా చాలా పత్రాల్లో దానికి అర పేజీ కూడా కేటాయించరు.

2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లండ్‌లో ఒక బడిలో కాల్పులకు 17 మంది చనిపోయిన ఘటనపై రాష్ట్ర కమిషన్ ఇచ్చిన నివేదికను వీలైతే చదవండి. విద్యార్థులు సెల్‌ఫోన్ల నుంచి చేసిన 911 కాల్స్ ఒక నగర కేంద్రానికి వెళ్ళాయి. ఆ బడికి పోలీసులను పంపవలసిన షెరిఫ్ కార్యాలయం మరో కేంద్రం పరిధిలో ఉంది. ఒకచోట విన్న మాటను ఇంకోచోటికి అందించవలసి వచ్చింది. రేడియోలో ఒకేసారి అందరూ మాట్లాడడంతో వ్యవస్థ స్తంభించింది. అన్నింటికంటే బాధ కలిగించేది కెమెరాల సంగతి: దాదాపు 20 నిమిషాల కిందటి దృశ్యాలను చూస్తూ, అవి అప్పుడే జరుగుతున్నవని లోపలి అధికారులు అనుకున్నారు. హంతకుడు అప్పటికే భవనం దాటిపోయాడు, వీళ్ళు మాత్రం వాడు ఇంకా మెట్ల మీద ఉన్నాడనుకుని అడుగులో అడుగు వేశారు.

అందుకని మూడు పనులు చేయించండి. మీ బడి ఆవరణలో నుంచి సెల్‌ఫోన్‌లో 911కి చేస్తే కాల్ ఏ కేంద్రంలో మోగుతుందో కనుక్కోమనండి. ముందుగా చెప్పి అనుమతి తీసుకుంటే పరీక్షా కాల్ చేయనిస్తాం. ఒక అధికారి తన రేడియో పట్టుకుని భవనంలో అన్నింటికంటే లోపల ఉన్న గదికి, కాంక్రీటు గోడల వెనక ఉండే వ్యాయామశాల సామాన్ల గదికి వెళ్ళి, తలుపు వేసుకుని మాట్లాడాలి. వినబడకపోతే సిగ్నల్ పెంచే పరికరం పెట్టించాలని కమిటీ తీర్మానం చేయవచ్చు. కెమెరాల విషయంలో, ప్రత్యక్ష దృశ్యాలను ఎవరు, ఎక్కడి నుంచి చూడగలరు, రాత్రి పన్నెండింటికైనా ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి.

దీనికి మంచి ఉదాహరణ కూడా ఉంది. 2023 మార్చి 27న నాష్‌విల్‌లోని ఒక బడిలో కాల్పులకు ముగ్గురు పిల్లలు, ముగ్గురు పెద్దలు చనిపోయారు. మొదటి కాల్ వచ్చిన 14 నిమిషాలకు పోలీసులు హంతకుడిని మట్టుపెట్టారు. పోలీసులు మర్నాడే విడుదల చేసిన బాడీ కెమెరా దృశ్యాలను చూస్తే, గుమ్మం దగ్గర బడి సిబ్బంది ఏమి చేశారో తెలుస్తుంది: వచ్చిన అధికారి చేతికి తాళంచెవి ఇచ్చారు, పిల్లలు తలుపులు వేసుకుని ఉన్నారని, ఇద్దరి ఆచూకీ మాత్రం తెలియదని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పారు. ఆయన ఒక్క క్షణం ఆగకుండా లోపలికి వెళ్ళారు. పోలీసు శిక్షణ ఎంత ముఖ్యమో, ఆ రెండు వాక్యాలు చెప్పగలిగిన సిబ్బంది శిక్షణ అంతే ముఖ్యం.

శ్రావణి

ఇద్దరికీ ధన్యవాదాలు. నేను అడగవలసినవి ఇప్పుడు స్పష్టంగా కనబడుతున్నాయి. ఇంకొక విషయం. వాస్తవికంగా ఉండాలన్న ఉద్దేశంతో, పిల్లలు తరగతుల్లో ఉండగానే ఖాళీ తూటాలు పేల్చి, నకిలీ రక్తం పూసిన నటులతో డ్రిల్ చేయాలని కమిటీలో ఒక సభ్యుడు ప్రతిపాదించారు. రాఘవరావు గారు చెప్పిన అభ్యాసాలు చదివాక, దాన్ని వ్యతిరేకించాలా వద్దా అన్న సందిగ్ధంలో పడ్డాను. అలాగే, గాయపడినవాళ్ళకు చికిత్స ఎప్పుడు మొదలవుతుందన్నది వాళ్ళ పత్రంలో ఎక్కడా లేదు.

మాధురి

శ్రావణి గారూ, నేను ట్రామా విభాగంలో నర్సుని. మొదటిదానికి జవాబు: నిస్సంకోచంగా వ్యతిరేకించండి. పోలీసులకు అలాంటి అభ్యాసం అవసరమే, కాని అది సెలవు రోజున, ఖాళీ బడిలో, ఇష్టపడి వచ్చిన పెద్దలతో జరగాలి. పిల్లలు నేర్చుకోవలసింది దీపాలు ఆర్పడం, తలుపుకు కనబడని మూలలో కూర్చోవడం, నిశ్శబ్దంగా ఉండడం, టీచర్ చెప్పినట్టు నడవడం; వీటికి తుపాకీ శబ్దం అక్కర్లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2020లో ఇచ్చిన విధాన ప్రకటనలో, పిల్లలతో ఇలాంటి నాటకీయమైన డ్రిల్లులు చేయించడం వారి మనసులకు హాని కలిగించగలదని హెచ్చరించింది. ఆ ప్రకటనను సమావేశానికి తీసుకువెళ్ళండి. ఏ డ్రిల్ అయినా, అది డ్రిల్ అని ముందుగా చెప్పకుండా చేయకూడదన్నది కూడా తీర్మానంలో రాయించండి.

రెండోదాని గురించి నేను కొంచెం ఎక్కువ చెప్పాలి. తొడలో పెద్ద రక్తనాళం తెగితే మనిషి కొద్ది నిమిషాల్లోనే చనిపోవచ్చు. భవనం మొత్తం గాలించి, ఇక ప్రమాదం లేదని ప్రకటించాకే పారామెడిక్‌లను లోపలికి పంపుతామంటే, వాళ్ళు వెళ్ళేది చాలామంది విషయంలో ఆలస్యంగానే. 2012లో శాండీ హుక్ బడిలో జరిగిన కాల్పుల తర్వాత అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ చొరవతో వైద్యులు, పోలీసులు, అగ్నిమాపక అధికారులు కూర్చుని చేసిన సిఫార్సులను హార్ట్‌ఫర్డ్ కన్సెన్సస్ అంటారు. కాల్పులను ఆపిన వెంటనే రక్తస్రావాన్ని ఆపడం పోలీసుల పని కూడా అని అది చెప్పింది. ఇప్పుడు చాలాచోట్ల రెస్క్యూ టాస్క్ ఫోర్స్ అనే పద్ధతి ఉంది: కాల్పులు ఆగిన, కాని ఇంకా పూర్తిగా గాలించని భాగంలోకి పోలీసుల రక్షణలో పారామెడిక్‌లు వెళ్తారు. మీ అగ్నిమాపక శాఖకు అది ఉందా, వాళ్ళకు బుల్లెట్‌ప్రూఫ్ కవచాలు ఉన్నాయా అని అడగండి.

రక్తం ఆగేలా చేతికో కాలికో చుట్టి, చిన్న కర్ర తిప్పి బిగించే పట్టీని టూర్నికే అంటారు; అది ప్రతి అధికారి నడుముకు ఉందా అని కూడా అడగండి. కారు డిక్కీలో ఉంటే లేనట్టే. దాన్ని తొడకు వేసి, కర్రను తిప్పుతున్నప్పుడు గాయపడిన మనిషి నొప్పితో అరుస్తాడు, చెయ్యి తోసేస్తాడు. అయినా రక్తం ఆగేదాకా తిప్పాలి, ఆపై ఎన్నింటికి వేశారో రాయాలి. ఈ పని ఒక్కసారి చేత్తో చేసినవాళ్ళకూ చేయనివాళ్ళకూ చాలా తేడా ఉంటుంది. రక్తస్రావాన్ని ఆపడం నేర్పే స్టాప్ ద బ్లీడ్ శిక్షణ టీచర్లకూ ఇప్పించవచ్చు, గంటన్నరలో అయిపోతుంది.

పోలీసు కార్లు ఎక్కడ ఆపాలన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది. అందరూ గేటు ముందే వదిలేసి పరుగెత్తితే అంబులెన్సు లోపలికి రాలేదు, బయటికి పోలేదు. 2012లో అరోరాలో కాల్పులు జరిగిన సినిమా హాలుకు అంబులెన్సులు దగ్గరగా రాలేకపోతే పోలీసులు తమ కార్లలోనే చాలామంది క్షతగాత్రులను ఆసుపత్రులకు చేర్చారు, అలా ఎందరో బతికారు. ఆ వీలును ప్రణాళికలోనే రాసి ఉంచాలి, ఒక దారి ఖాళీగా ఉంచే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

విశ్వనాథం

మీరందరూ చెబుతున్నవి అవసరమే, కాని తూటా పేలాక జరగవలసిన వాటి గురించే ఇంతసేపూ మాట్లాడుకున్నాం. అమెరికా అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 37 బడి దాడులను పరిశీలించారు. వాటిలో 81 శాతం ఘటనల్లో, దాడి చేసేవాడి ఆలోచన కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. చాలాసార్లు ఆ ఒక్కరు తోటి విద్యార్థే. డబ్బు, సమయం అక్కడ పెట్టకుండా షీల్డులు కొనడం ఏమి న్యాయం? కమిటీ ముందుగా అడగవలసింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

రాఘవరావు

విశ్వనాథం గారూ, ఆ అధ్యయనం మాకూ పాఠ్యాంశమే, మీ ఆవేదనతో నేను ఏకీభవిస్తాను. ఒకదాన్ని చేస్తే రెండోది అక్కర్లేదన్న భావన రాకూడదని మాత్రం నా విన్నపం. బెదిరింపులను అంచనా వేసే బృందం మన రాష్ట్రంలో ప్రతి బడికీ ఉండాలని చట్టమే ఉంది. శ్రావణి గారు ఆ బృందం ఎన్నిసార్లు కలుస్తుందో, ఒక విద్యార్థి వచ్చి స్నేహితుడి గురించి చెబితే ఆ మాట ఎవరి దగ్గరికి, ఎంతసేపట్లో చేరుతుందో అడగాలి. అంతకంటే ముఖ్యంగా, చెప్పిన పిల్లవాడి పేరు బయటికి పొక్కదన్న నమ్మకం పిల్లల్లో ఉందా అని అడగాలి. ఆ నమ్మకం లేనిచోట ఎంత గొప్ప బృందమైనా వినేది ఏమీ ఉండదు. బడిలో పనిచేసే పోలీసు అధికారి రోజూ మధ్యాహ్నం భోజనశాలలో పిల్లల మధ్య కనబడుతున్నాడా, తన గదిలోనే ఉంటున్నాడా అన్నది కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది.

శ్రావణి

ఒక తల్లిగా చివరి ప్రశ్న. అలాంటి రోజు వస్తే మేము ఏమి చేయాలి? ఇంట్లో కూర్చోమంటే కూర్చోగలిగే తల్లి ఉండదు.

కిరణ్

కూర్చోలేరు, కూర్చోమని చెప్పినా ఎవరూ వినరు. అందుకే పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించే చోటు ముందుగానే నిర్ణయించి ఉండాలి: బడికి దూరంగా, అంబులెన్సుల దారికి అడ్డురాకుండా, వందల కార్లు పట్టేలా ఉండే చోటు. ఆ చోటు ఎక్కడో తల్లిదండ్రులకు ఘటన జరిగిన నిమిషాల్లోనే ఒకే సందేశంగా, అవసరమైన భాషలన్నింటిలోనూ వెళ్ళాలి. యువాల్డేలో కుటుంబాలకు తప్పుడు సమాచారం అందిందని, తూటా గాయాలున్న పిల్లలను కూడా చికిత్స లేకుండా బస్సు ఎక్కించారని న్యాయశాఖ సమీక్షలో ఉంది. కాబట్టి బస్సు ఎక్కే ముందు ప్రతి పిల్లవాడినీ తల నుంచి కాలి దాకా చూసేది ఎవరు, ఆసుపత్రికి వెళ్ళిన పిల్లల పేర్లు సేకరించేది ఎవరు, చెడు కబురు చెప్పవలసి వస్తే ఆ కుటుంబంతో కూర్చుని చెప్పేది ఎవరు అన్నవి పేర్లతో సహా అడగండి. మీ ఫోన్ నంబరు, మీకు బదులుగా పిల్లవాడిని తీసుకువెళ్ళగల మరో ఇద్దరి పేర్లు బడి రికార్డుల్లో ఇప్పుడు సరిగా ఉన్నాయో లేదో ఈ రోజే చూసుకోండి. మీరు గుర్తింపు కార్డు తీసుకుని నేరుగా ఆ చోటికి వెళ్ళండి, బడికి వెళ్ళవద్దు. ఆ సమయంలో లోపల ఉన్న పిల్లలకు ఫోన్ చేయకండి. వాళ్ళు దాక్కున్న గదిలో ఫోన్ మోగకూడదు. వాళ్ళంతట వాళ్ళు సందేశం పంపితే జవాబివ్వండి, అందులో గది నంబరు గాని, గాయపడినవాళ్ళ సంగతి గాని ఉంటే వెంటనే 911కి చెప్పండి.